పాట వచ్చింది.. మాట వచ్చిందా?

ఇంగ్లీష్ బడి పిల్లల నాలుకకు అలవాటు కావాలంటే పాటే దగ్గరి దారి. అయితే పాడటం దగ్గరే ఆగిపోతే ఆ దారి ఎక్కడికీ చేర్చదు.

ఏ ప్రాథమిక పాఠశాల ముందు నుంచి వెళ్తున్నా లోపల నడుస్తున్నది ఏ పీరియడో చెవితోనే పోల్చుకోవచ్చు. లెక్కలైతే ఎక్కాల హోరు. తెలుగైతే పద్యాల రాగం. ఇంగ్లీష్ అయితే చేతులు ఊపుతూ, గెంతుతూ పాడే రైమ్. ముప్ఫై గొంతులు ఒక్కటై అందుకున్నప్పుడు ఆ పిల్లలకు ఇంగ్లీష్ రాదంటే ఎవరూ నమ్మరు. పాట పూర్తయ్యాక టీచర్ అందులోదే ఒక మాట విడిగా తీసి బోర్డు మీద రాసి, ఇదేమిటని అడిగితే మాత్రం గదంతా నిశ్శబ్దం.

ఆ హోరుకూ ఈ నిశ్శబ్దానికీ మధ్య ఎంత దూరం ఉందో అంకెల్లోనూ కనిపిస్తుంది. దేశవ్యాప్తంగా గ్రామీణ ప్రాంతాల పిల్లలను ఇంటింటికీ వెళ్లి పరీక్షించే అసర్ సర్వే 2022లో తేల్చిన దాని ప్రకారం అయిదో తరగతి పిల్లల్లో సులువైన ఇంగ్లీష్ వాక్యాలు చదవగలిగినవారు 24.5 శాతమే. 2016లో ఇది 24.7 శాతం. అంటే ఆరేళ్లలో పరిస్థితి దాదాపు ఉన్నచోటే ఉంది. ఎనిమిదో తరగతికి వచ్చేసరికీ సగం మంది ఆ గీత దాటలేదు.

తెలుగు రాష్ట్రాలకు ఈ అంకెలు మరీ పట్టించుకోవలసినవి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో 'సక్సెస్' పాఠశాలల పేరుతో ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లీష్ మీడియం సెక్షన్లు మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో ఒకటి నుంచి ఆరో తరగతి వరకు పూర్తిగా ఇంగ్లీష్ మీడియమే ఉండాలని ఉత్తర్వులిచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టేసింది. తెలంగాణ 2022-23 నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీష్ మీడియం ప్రవేశపెట్టింది. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీష్ ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు రెండు రాష్ట్రాల్లోనూ వచ్చాయి. మాతృభాషలో చెప్పాలా, ఇంగ్లీష్‌లో చెప్పాలా అన్న వాదన ఇంకా తెగలేదు. అది తెగినా తెగకపోయినా పిల్లవాడు మాత్రం రోజూ ఇంగ్లీష్ పుస్తకం ముందు కూర్చోక తప్పదు. ఇంట్లో ఆ భాష మాట్లాడేవారుండరు. వీధిలో వినిపించదు. ఆ పిల్లవాడి చెవిన ఇంగ్లీష్ పడేది బడిలో ఉన్న కొద్ది గంటలే. ఆ కొద్ది గంటల్లో ఎక్కువ సరుకు దక్కించుకోవడానికి అందుబాటులో ఉన్న చవకైన సాధనాల్లో మొదటిది పాట.

బాణీ చేసే పని

పాటగా విన్నది తేలిగ్గా గుర్తుంటుందని అనడానికి తెలుగువారికి పరిశోధనలు అక్కర్లేదు. ఎక్కాలు, వేమన పద్యాలు, సుమతీ శతకం.. అన్నీ లయ పట్టుకునే తరతరాలుగా నోటికి వచ్చాయి. కానీ పరభాష విషయంలోనూ ఇది నిజమేనా? దీన్ని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకులు పరీక్షించి చూశారు. 2014లో 'మెమరీ అండ్ కాగ్నిషన్' పత్రికలో వచ్చిన వారి అధ్యయనం కోసం 60 మంది పెద్దలను మూడు జట్లుగా విడదీశారు. అందరికీ హంగేరియన్ భాషలో కొన్ని చిన్న వాక్యాలు 15 నిమిషాల పాటు నేర్పారు. ఒక జట్టు వాటిని మామూలుగా పలికింది. రెండో జట్టు లయబద్ధంగా పలికింది. మూడోది పాడింది. ఆ తర్వాత పెట్టిన పరీక్షల్లో మొత్తమ్మీద పాడిన జట్టే ముందుంది. ముఖ్యంగా వాక్యాన్ని గుర్తుతెచ్చుకుని సొంతంగా పలకవలసిన రెండు పరీక్షల్లో తేడా స్పష్టంగా కనబడింది.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. పాట బాగా ఉపయోగపడింది నోరు తెరిచి పలకడంలో. మన బడుల్లో పిల్లలు వెనకబడేదీ సరిగ్గా అక్కడే. తప్పు పలికితే నవ్వుతారన్న భయం నోరు కట్టేస్తుంది. పాటలో ఆ భయం ఉండదు. పదిమందితో కలిసి పాడేటప్పుడు ఒకరి తప్పు మరొకరికి వినిపించదు. వెనక బెంచీ పిల్లవాడూ ధైర్యంగా నోరు కలుపుతాడు.

అయితే ఏ పాటైనా పనికొస్తుందనుకుంటే పొరపాటే. వాండా వాలెస్ అనే పరిశోధకురాలు 1994లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఒకే బాణీ చరణం తర్వాత చరణంగా మళ్లీ మళ్లీ వచ్చినప్పుడే పాటలోని మాటలు బాగా గుర్తుంటున్నాయని తేలింది. బాణీ అలవాటు కావడానికి తగినన్ని చరణాలు లేకపోతే ఆ లాభం దక్కలేదు. అంటే బాణీ సులువుగా ఉండాలి, తిరిగి తిరిగి రావాలి. వారానికో కొత్త పాట చొప్పున ఏడాదికి నలభై పాటలు వల్లించడం కన్నా, పది పాటలను అరగదీయడమే మేలన్నమాట.

అజంత భాషకు హలంత చిక్కు

తెలుగు పిల్లలకు పాట వల్ల కలిగే మరో మేలు ఉచ్చారణలో. తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు ఉంటేనే మనకు తృప్తి. అందుకే బస్ మన దగ్గర బస్సు అయింది. కార్ కారు అయింది. స్కూల్ స్కూలు అయింది, పల్లెల్లో ఇస్కూలు కూడా అయింది. వాడుక తెలుగులో ఇది తప్పు కాదు, భాష తన పద్ధతిలో మాటను సొంతం చేసుకుంది. కానీ అదే అలవాటు ఇంగ్లీష్ వాక్యంలోకి వెళ్తే వినేవారికి అర్థం కావడం కష్టమవుతుంది.

ఇంకో చిక్కు లయది. తెలుగులో ప్రతి అక్షరానికీ దాని విలువ దానికి దక్కుతుంది. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. ఇంగ్లీష్ నడక వేరు. అందులో కొన్ని అక్షరాల మీదే ఊనిక పడుతుంది. మిగతావి వాటి మధ్య నలిగిపోతాయి. తెలుగు పిల్లవాడు అన్ని అక్షరాలనూ సమానంగా పలుకుతాడు. రేడియోలోనో టీవీలోనో ఇంగ్లీష్ వింటే నలిగిపోయిన అక్షరాలు వాడి చెవిన పడవు. 'పుస్తకంలో చూస్తే తెలుస్తుంది, వింటే తెలియదు' అని డిగ్రీ విద్యార్థులు కూడా వాపోయేది ఇందుకే.

దీనికి న్యూయార్క్‌లో ఒక టీచర్ విరుగుడు కనిపెట్టారు. విదేశీ విద్యార్థులకు ఇంగ్లీష్ బోధించే కరోలిన్ గ్రాహం సంగీతకారిణి కూడా. రోజూ మాట్లాడుకునే అమెరికన్ ఇంగ్లీష్‌లోనే జాజ్ సంగీతపు దరువు ఉందని ఆమె గుర్తించారు. మామూలు సంభాషణలనే చప్పట్ల దరువుకు కట్టి 1978లో 'జాజ్ చాంట్స్' అనే పుస్తకం తెచ్చారు. వీటిలో రాగం ఉండదు, దరువు మాత్రమే ఉంటుంది. ఊనిక పడే చోట చప్పట్లు. మిగతా మాటలు ఆ చప్పట్ల మధ్య ఇమిడిపోవాలి. తర్వాతి దశాబ్దాల్లో ఈ పద్ధతి ప్రపంచవ్యాప్తంగా ఇంగ్లీష్ టీచర్ల చేతికి వచ్చింది.

రాగం లేకపోవడం ఇక్కడ లోపం కాదు, ఒక విధంగా మేలే. ఎందుకంటే బాణీ కోసం పాటలో మాటలు సాగుతాయి, ఊనిక అటూ ఇటూ అవుతుంది. దరువు పాట మాట్లాడే తీరుకు దగ్గరగా ఉంటుంది. చెమ్మచెక్క ఆడుకునే పిల్లలకు దీన్ని ప్రత్యేకంగా నేర్పనవసరం లేదు. చేతులు కలిపితే చాలు.

వ్యాకరణానికీ దరువు పనికొస్తుంది. 'నా పేరు సీత' అన్న తెలుగు వాక్యంలో క్రియ లేదు. అదే అలవాటుతో పిల్లలు ఇంగ్లీష్‌లో 'మై నేమ్ సీత' అంటారు. మధ్యలో 'ఈజ్' ఉండాలని ఎన్నిసార్లు చెప్పినా జారిపోతుంది. దరువులో ఆ మాటకొక చోటు కేటాయిస్తే, అది లేనప్పుడు లయ తప్పినట్టు పిల్లలకే తెలిసిపోతుంది. సూత్రం చేయలేని పని కొన్నిసార్లు చప్పట్లు చేస్తాయి.

రేడియో మేష్టారు

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు ప్రశ్న, ఈ పాటలు నేర్పేదెవరు? ప్రాథమిక పాఠశాలల్లో టీచర్లలో చాలామంది తెలుగు మీడియంలో చదివినవారే. పాఠం చెప్పగలిగినా పాడి వినిపించడానికి, ఉచ్చారణ దిద్దడానికి జంకుతారు. శిక్షణ సంస్థలు లేక కాదు. హైదరాబాద్‌లో 1958లో ఏర్పాటైన కేంద్ర ఇంగ్లీష్ సంస్థ, తర్వాత సీఫెల్‌గా, 2007 నుంచి ఇఫ్లూ విశ్వవిద్యాలయంగా కొనసాగుతోంది. కానీ లక్షల సంఖ్యలో ఉన్న టీచర్లందరికీ పాడే గొంతును శిక్షణ ఇవ్వలేదు.

ఆ గొంతును అరువు తెచ్చుకునే మార్గం కెన్యాలో దొరికింది. 1980ల మొదట్లో అక్కడ ఒకటి నుంచి మూడో తరగతి వరకు పిల్లలకు రోజూ అరగంట పాటు రేడియోలో ఇంగ్లీష్ పాఠాలు చెప్పే ప్రయోగం జరిగింది. రేడియో మాట్లాడి ఊరుకోదు. ప్రశ్న వేసి ఆగుతుంది. ఆ ఖాళీలో పిల్లలు జవాబు చెబుతారు, పాడతారు, లేచి ఆడతారు. పాఠాలు విన్న పిల్లలు వినికిడిలోనూ చదవడంలోనూ మెరుగయ్యారు. దక్షిణాఫ్రికాలో 1990లలో ఇదే తరహాలో నడిచిన 'ఇంగ్లీష్ ఇన్ యాక్షన్' రేడియో పాఠాల్లో పాటలకు పెద్దపీట వేశారు. క్లాసులో టీచర్ ఉండనే ఉంటారు. రేడియోతో పాటు తానూ పాడతారు, పిల్లలతో పాటు తానూ నేర్చుకుంటారు. అసలు లాభం అదే.

మన దేశంలోనూ 2000ల దశకంలో ఇలాంటి రేడియో పాఠాలు వచ్చాయి. 'ఇంగ్లీష్ ఈజ్ ఫన్' పేరుతో ఢిల్లీ, ఛత్తీస్‌గఢ్ పాఠశాలలకు పాటలు, ఆటలతో కూడిన పాఠాలు ప్రసారమయ్యాయి. బంగ్లాదేశ్‌లో 2008లో మొదలైన మరో 'ఇంగ్లీష్ ఇన్ యాక్షన్' పథకం రేడియో బదులు మొబైల్ ఫోన్‌ను నమ్ముకుంది. పాటలు, సంభాషణలు ముందే నింపిన మెమరీ కార్డు, ఛార్జింగ్ చేసుకునే స్పీకర్ టీచర్ చేతికిచ్చారు. ఇంటర్నెట్ అక్కర్లేదు, సిగ్నల్‌తో పనిలేదు.

తెలుగువారికి రేడియో కొత్త కాదు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి పిల్లల పాటలను, ఆటలను ఆకాశవాణిలో ఇంటింటికీ చేర్చారు. ఆ తర్వాతి కాలంలో 'విందాం - నేర్చుకుందాం' పాఠాలు ఆకాశవాణి ద్వారానే ప్రాథమిక పాఠశాలల్లో వినిపించాయి. ఇప్పుడు రేడియో స్థానంలో తెర వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 2023లో ఇంటరాక్టివ్ ప్యానెళ్లు బిగించడం మొదలైంది. పరికరం మారినా నియమం మారలేదు. అది అడగాలి, ఆగాలి, పిల్లలతో పలికించాలి.

ఈ నియమం ఎందుకంత ముఖ్యమో అమెరికాలో ప్యాట్రీషియా కుల్ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగం చెబుతుంది. తొమ్మిది నెలల అమెరికన్ శిశువులకు చైనా మాండరిన్ భాషను మనుషులే ఎదురుగా కూర్చుని వినిపిస్తే, ఆ భాషా ధ్వనుల తేడాలను వారు పట్టుకున్నారు. అదే సరుకు తెర మీద చూపించినప్పుడు, టేపులో వినిపించినప్పుడు పట్టుకోలేదు. చెన్నైలో 2013లో మొదలైన చూచూ టీవీ లాంటి యూట్యూబ్ చానెళ్ల పుణ్యమా అని ఇంగ్లీష్ రైములు నేడు గ్రామాల్లోనూ ఫోన్లలో మోగుతున్నాయి. ఫోన్ చేతికిచ్చి తప్పుకుంటే పిల్లవాడికి పాట వస్తుందేమో. పక్కన కూర్చుని, అందులోని పిల్లిని, బంతిని చూపించి మాట్లాడితేనే భాష వస్తుంది.

ఎవరి పాట పాడాలి?

కొత్త భాష నేర్పడానికి ఎలాంటి పాట ఎంచుకోవాలన్నది మరో చిక్కు. మన బడుల్లో దశాబ్దాలుగా వినిపిస్తున్న రైములు ఇంగ్లండ్ పల్లెల్లో, వీధుల్లో పుట్టినవి. వాటిలో అక్కడే వాడుక తప్పిన మాటలున్నాయి. వానను వెళ్లిపొమ్మని బతిమాలే పాటను అనంతపురం జిల్లాలో వాన కోసం ఆకాశం వైపు చూసే రైతు బిడ్డ పాడుతుంది. లండన్ వంతెన కూలిందని పాడే పిల్లలు తమ ఊరి వాగు మీద వంతెన పేరు ఇంగ్లీష్‌లో చెప్పలేరు. పాత పాటలను పారేయమని కాదు. వాటి లయకు సాటి లేదు. కానీ పాడేవారికి పనికొచ్చే మాటలు అందులో ఎన్ని అన్న లెక్క వేసుకోవాలి.

జాతీయ స్థాయిలో ఈ స్పృహ కొంత వచ్చింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తర్వాత ఎన్‌సీఈఆర్‌టీ 2006లో తెచ్చిన ఒకటో తరగతి ఇంగ్లీష్ పుస్తకం 'మేరీగోల్డ్'. పేరుకు తగ్గట్టే మన పెరటి బంతిపువ్వు. 2023లో దాని స్థానంలో వచ్చిన పుస్తకం పేరు 'మృదంగ్'. ఇంగ్లీష్ వాచకానికి మృదంగం పేరు పెట్టడంలోనే లయతో మొదలుపెట్టాలన్న ఆలోచన కనిపిస్తుంది.

హైస్కూలు పిల్లలు రైములు పాడరు, సిగ్గుపడతారు. వారికి సినిమా పాటలు, పాప్ పాటలు ఇష్టం. టిమ్ మర్ఫీ అనే భాషావేత్త 1992లో 50 ఇంగ్లీష్ పాప్ పాటలను విశ్లేషించి, వాటిలో సులువైన మాటలే మళ్లీ మళ్లీ వస్తాయని, మామూలు సంభాషణ కంటే నెమ్మదిగా సాగుతాయని చూపించారు. ఇక తెలుగు సినిమా పాటల్లో ఇంగ్లీష్ మాటలకు కొదవ లేదు. అయితే అవి తెలుగు వాక్యంలో ఒదిగిన మాటలు. పదం తెలుస్తుంది కానీ వాక్యం కట్టడం రాదు.

చెవి నుంచి కంటికి

పాటకొక హద్దుంది. అది చెవికి నేర్పుతుంది, కంటికి నేర్పదు. అసర్ సర్వే కొలిచింది చదవడాన్ని. పాడగలిగిన మాటను అచ్చులో గుర్తుపట్టలేకపోతే బడిలో అక్కరకు రాదు.

ఈ రెంటికీ వంతెన కట్టిన ఆలోచన మన దేశంలోనే పెరిగింది. అహ్మదాబాద్ ఐఐఎంలో ఆచార్యుడిగా పనిచేసిన బ్రిజ్ కొఠారి 1996లో అమెరికాలో విద్యార్థిగా ఉన్నప్పుడు స్పానిష్ సినిమా చూస్తూ, సబ్‌టైటిళ్లు ఇంగ్లీష్‌లో కాకుండా స్పానిష్‌లోనే ఉంటే ఆ భాష ఇంకా బాగా వచ్చేది కదా అనుకున్నారు. అదే పని హిందీ సినిమా పాటలకు చేస్తే? పాట ఏ భాషలో వినిపిస్తే అదే భాష అక్షరాలు తెర మీద, పలుకుతున్న మాట రంగు మారుతూ కనిపిస్తాయి. 1999లో అహ్మదాబాద్ దూరదర్శన్‌లో గుజరాతీ పాటలతో మొదలైన ప్రయోగం తర్వాత జాతీయ చానెల్‌లో 'చిత్రహార్' దాకా వెళ్లింది. ఇష్టమైన పాట తర్వాతి మాట ఏమిటో ముందే తెలుసు కాబట్టి కన్ను దానికదే అక్షరాన్ని వెతుక్కుంటుంది. అక్షరాలు కొద్దిగా తెలిసి చదవడం రానివారి కోసం మాతృభాషల్లో చేసిన పని ఇది. కానీ దాని మూలం పరభాష నేర్చుకోవాలన్న కోరికే. ఇంగ్లీష్ పీరియడ్‌లో దీనికి టీవీ కూడా అక్కర్లేదు. పాట మాటలు చార్టు మీద పెద్ద అక్షరాలతో రాసి, పాడుతూ ఒక్కో మాట కింద వేలు కదిపితే చాలు.

మాట మార్చి పాడితే..

పాట పాఠంగా మారాలంటే చివరి మెట్టు మరొకటుంది. పిల్లలు పాటను చెడగొట్టగలగాలి. 'వేర్ ఈజ్ మై స్లేట్? ఇట్ ఈజ్ ఇన్ ది బ్యాగ్' అని దరువు వేసి పాడిన పిల్లలు మర్నాడు స్లేటు తీసేసి పెన్సిల్ పెట్టాలి. ఆ మర్నాడు పెన్సిల్‌ను సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టి, 'ఇన్' బదులు 'ఆన్' అనాలి. తెలుగులో 'సంచిలో', 'బల్ల మీద' అంటూ వెనక వచ్చే మాట ఇంగ్లీష్‌లో ముందుకు వెళ్తుందని సూత్రం చెప్పకుండానే తెలుస్తుంది. మూడో రోజు దరువు ఆపేసి, మామూలుగా అడిగితే మామూలుగా జవాబు చెప్పాలి. నాలుగో రోజు రాయాలి.

పాటలో మాట మార్చగలిగిన పిల్లవాడికి భాష వచ్చింది. మార్చలేనివాడికి పాట మాత్రమే వచ్చింది. ఈ చిన్న పరీక్షకు ప్రశ్నపత్రం, పర్యవేక్షకుడు అక్కర్లేదు. తల్లిదండ్రులు ఇంట్లోనూ పెట్టి చూడొచ్చు.

బడుల్లో ఇది ఎందుకు జరగడం లేదన్నది ఊహించడం కష్టం కాదు. అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు, వార్షికోత్సవం నాడు పాట బ్రహ్మాండంగా కనిపిస్తుంది. మాట మార్చి పాడించడం కనిపించదు, పైగా క్లాసులో గోల. పదో తరగతి పబ్లిక్ పరీక్ష రాత పరీక్షే. మాట్లాడటానికి మార్కుల్లేని చోట మాట్లాడించే తీరిక ఎవరికుంటుంది? వినడం, మాట్లాడటంపై దృష్టి పెడతామంటూ ఆంధ్రప్రదేశ్‌లో 2023లో టోఫెల్ శిక్షణ మొదలుపెట్టారు. ప్రభుత్వం మారాక అది ఆగిపోయింది. పథకాలు ప్రభుత్వాలతో పాటు వస్తాయి, పోతాయి. క్లాసులో టీచర్ చేతిలో ఉండే అలవాటు అలా పోదు.

ఫీజు కట్టగలిగిన ఇంటి పిల్లలకు ఇంగ్లీష్ ఇంట్లో, కారులో, టీవీలో, సెలవుల్లో వినిపిస్తూనే ఉంటుంది. వారికి రైమ్ ఒక సరదా. కూలి చేసుకునేవారి పిల్లలకు ఆ నలభై నిమిషాల పీరియడే మొత్తం ఇంగ్లీష్ లోకం. అందులో పది నిమిషాలు పాటకు పోతే, ఆ పది నిమిషాలకూ జవాబుదారీ ఉండాలి. గంట కొట్టేలోగా ఒక్క కొత్త వాక్యమైనా సొంతంగా చెప్పించగలిగితే ఆ పాట సార్థకం. లేదంటే అది ఇంకో ఎక్కమే, అర్థం తెలియని ఎక్కం.